తాత మాట ఇనబడల్యా..!

‘‘ఆ పిల్ల మాట బాగా ఇనబడతాంది పాపా. మీ తాత మాటే ఇనబడల్యా.’’

మా అవ్వ ఈ ముక్క మొదటిసారి అన్నది సంక్రాంతి పండక్కి. ఆ తర్వాత నాలుగు నెలలపాటు ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. మేం చెప్పే జవాబూ ఒకటే... ‘‘నీ చెవులవ్వా! ఎనభై ఆరేళ్లొచ్చాయి కదా’’ అని. ఇంట్లో డిగ్రీలు చదువుకున్నవాళ్లం తొమ్మిదిమందిమి ఉన్నాం. ఒక్కరికైనా, ఆ చిన్న స్పీకర్ పక్కన కూర్చుని అవ్వకు వినిపిస్తున్నదేమిటో విందామన్న ఆలోచన రాలేదు. రోజూ పదిమంది చెప్పేది విని రాసుకుని బతికే నాకు కూడా!

అసలు సంగతి మొదలైంది 2002లో.

మాది కదిరి దగ్గర పల్లె. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచీ శ్రీ సత్యసాయి జిల్లా. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే నేల. 2002లో అదీ లేదు. దేశమంతా కరవు. మా ఊళ్లో గొర్రు కట్టి వేసిన వేరుసెనగ మొలకెత్తినట్టే ఎత్తి మాడిపోయింది. మేత లేదు. తాత ఓరోజు తెల్లారుజామునే జత ఎద్దుల్ని సంతకు తోలుకెళ్లి అమ్మేసి వచ్చాడు. అవ్వ వద్దంటూనే ఉంది. ‘‘నాలుగు దినాలు ఓర్చుకో, మా పుట్టింటికి తోలుకుపోదాం, ఆడ గడ్డుంది’’ అంది. తాత వినలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు. మా తాత అలిగితే అంతే. ఎవరిది తప్పయినా మాట్లాడనిది మాత్రం ఆయనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక టీవీ చానల్ వాళ్లు కరవు మీద రైతుల కార్యక్రమం తీయడానికి మా ఊరొచ్చారు. ఖాళీ గాటిపాట ముందు తాతను నిలబెట్టి మాట్లాడించారు. ఓ ఉదయం ఆరున్నరకు ప్రసారమవుతుందని కబురు చేశారు. కేబుల్ కనెక్షనున్న ఇంటి ముందు ఊరు ఊరంతా చేరింది. కార్యక్రమం మొదలైన అయిదో నిమిషంలో కరెంటు పోయింది. పక్క ఊరి బంధువులు ‘‘మీ ఆయప్ప భలే మాట్లాడినాడు’’ అన్నారే తప్ప ఏం మాట్లాడాడో సరిగా చెప్పలేదు. తాత నోరు విప్పలేదు. 2006లో ఆయన పోయాడు. ఇంట్లో ఆయన ఫొటోలు మూడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

నిరుడు దసరాకు ముందు ఆ చానల్‌లో పనిచేసే పాత మిత్రుడొకరు ఫోన్ చేశాడు. పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తమ సైట్‌లో పెడుతున్నారట. ‘‘మీ ఊరి పేరు కనిపించింది, చూసుకో’’ అన్నాడు. చూశాను. ముందు ఇప్పటి యాంకరమ్మాయి పరిచయం, కొత్త సంగీతం. తర్వాత పదకొండో నిమిషంలో... తలపాగాతో తాత! నాలుగు నిమిషాలు మాట్లాడాడు. చివర్లో రిపోర్టరు ‘‘ఎద్దుల్ని అమ్మేశారు కదా, బాధగా లేదా?’’ అని అడిగితే, తాత కెమెరా వైపు కాకుండా గాటిపాట వైపు చూస్తూ చెప్పాడు. ‘‘మా ఇంటామె వద్దనింది సార్. ఆమె మాట ఇనింటే బాగుండు.’’

హైదరాబాద్‌లో నా గదిలో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను ఆ మాట. వెంటనే అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి చిన్న నవ్వు. ‘‘ఆయనా! అట్లంటాడా? నా సంబరం కోసం నువ్వే కల్పిస్తాండావు’’ అంది.

ఇక వినిపించి తీరాల్సిందే అనుకున్నాను.

అక్కడే చిక్కు. మా పల్లెలో సిగ్నల్ రెండు గీతలు దాటదు. సైట్‌లో చూద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది. దించుకునే మీట ఆ సైట్‌లో లేదు. మిత్రుణ్ని అడిగితే, ‘‘ఇంట్లో మీరు చూసుకోవడానికైతే దించుకోండి, ఇంకెక్కడా పెట్టొద్దు’’ అని చానల్ తరఫున అనుమతి ఇప్పించాడు. మా పెద్దన్నయ్య కొడుకు బీటెక్ రెండో ఏడాది. ‘‘ఎంతసేపత్తా!’’ అంటూ పైథాన్‌లో ముప్ఫై లైన్ల స్క్రిప్టు రాసేశాడు.

ఇంటర్నెట్‌లో మనం చూసే టీవీ కార్యక్రమం సాధారణంగా ఒక్క ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల చొప్పున ముక్కలు చేసి పెడతారు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క అని చెప్పే ఓ జాబితా ఉంటుంది. మన నెట్ వేగాన్ని బట్టి ఇవ్వడానికి అదే కార్యక్రమం నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంటుంది. బొమ్మ వేరుగా, శబ్దం వేరుగా ఉండటమూ మామూలే. స్క్రిప్టు చేసే పనల్లా ఆ జాబితా చదివి, ముక్కలన్నీ తెచ్చుకుని, వరసగా కుట్టేయడం. ఆ కుట్టుపనికి చాలామంది వాడేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాం. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టింది. ప్రపంచంలో సగం వీడియోలు ఏదో ఒక దశలో దాని చేతిమీదుగా వెళ్లినవేనని మావాడి నమ్మకం. ఉండొచ్చు.

ఫైలు వచ్చింది. బొమ్మ బాగుంది. తాత గొంతే నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. సగం అక్షరాలు మింగేస్తున్నట్టుంది. సైట్‌లో నేను విన్న గొంతు ఇది కాదు. అయినా పండగ దగ్గరపడింది. అదే ఫోన్లో వేసుకుని, అరచేతిలో పట్టే గుండ్రటి బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనుక్కుని ఊరెళ్లాం. ఇంటినిండా జనం. పిల్లల గోల. వీధిలో గంగిరెద్దులవాళ్ల సన్నాయి. స్పీకర్ పెట్టాం, సంగీతం మోగింది, అందరం సంబరపడ్డాం. అవ్వ ఒక్కతే చెవి దగ్గరగా పెట్టి ఆ మాట అంది. ‘‘మీ తాత మాట ఇనబడల్యా.’’

శబ్దం నాణ్యత బాగాలేదు, అంతే కదా అనుకున్నాడు మావాడు. హైదరాబాద్ వచ్చాక రెండు వారాలు రాత్రిళ్లు దానిమీదే కూర్చున్నాడు. మొదట ఆ శబ్దాన్ని 320 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చాడు. ఫైలు బరువు పెరిగింది, గొంతు పెరగలేదు. నీళ్ల మజ్జిగను పెద్ద కుండలో పోసినంత మాత్రాన చిక్కబడదు కదా! ఒకసారి దిగుమతిలో పోయిన వివరం మళ్లీ రాదు. తర్వాత వాల్యూం రెట్టింపు చేశాడు. బర్రుమంది. 44.1 కిలోహెర్ట్జ్, 48 కిలోహెర్ట్జ్ అంటూ ఏవో మార్చాడు. ఆ లెక్క తప్పితే గొంతు సన్నబడటమో, పెదాలకూ మాటకూ పొంతన కుదరకపోవడమో జరుగుతుంది. మన జబ్బు అది కాదు.

చివరికి దొరికింది. జాబితాలో శబ్దం మూడు రకాలుగా ఉంది. 48, 96, 128 కేబీపీఎస్‌లు. వాడి స్క్రిప్టు అన్నిట్లోనూ ‘మొదట కనబడింది’ తీసుకుంటోంది. మొదట ఉన్నది 48! బొమ్మకు మాత్రం ‘అన్నింటికన్నా మంచిది’ అని రాశాడట, శబ్దానికి రాయడం మరిచిపోయాడు. ఒక్క పదం మార్చి మళ్లీ దించాడు. ల్యాప్‌టాప్‌లో పెట్టాం. ఖణేల్‌మంది తాత గొంతు. గాటిపాట అవతల ఎక్కడో కోడి కూయడం కూడా తెలుస్తోంది. మావాడు కుర్చీలోంచి లేచి ఈల వేశాడు.

ఫైలు పంపాం. ఊళ్లో మా పిన్ని కొడుకు అవ్వకు పెట్టి వినిపించాడు. సాయంత్రం ఫోన్.

‘‘ఆ పిల్ల ఇనబడతాంది. ఆయన ఇనబడల్యా.’’

ఇక తిరుగులేదు, తప్పు అవ్వ చెవులదేనని ఏకగ్రీవంగా తీర్మానించేశాం. మేమందరం వింటున్నాం కదా! నేను ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను, మావాడు రెండు స్పీకర్లున్న కొత్త ఫోన్లో విన్నాడు, అన్నయ్య ఇంట్లో పెద్ద టీవీలో విన్నాడు. వినిపించనిది ఆవిడకొక్కదానికే. మార్చిలో కదిరి నుంచి కారు మాట్లాడి అనంతపురం తీసుకెళ్లాం. చెవి పరీక్షలు చేయించాం. వయసు వల్ల వినికిడి తగ్గిన మాట నిజమే. కుడి చెవికి మిషన్ పెట్టించాం. పరీక్ష చేసినాయన ఓ మాటన్నారు. ‘‘దీంతో మామూలు మాటలు బాగానే వినబడాలమ్మా. ఆడగొంతు సన్నగా ఉంటుంది, మగగొంతు కాస్త బొంగురు. ఈ వయసులో ముందు తగ్గేది సన్నటి ధ్వనులే.’’ అంటే యాంకరమ్మాయి గొంతు వినబడిన మనిషికి తాత గొంతు ఇంకా సులువుగా వినబడాలి. ఆయన చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. రాసుకుని, బ్యాగులో పెట్టుకుని, మరిచిపోయాను.

మిషన్ పెట్టుకున్నా అదే మాట. ఇయర్‌ఫోన్ పెడదామంటే మిషన్ కూ... అని కూస్తుంది. రెండు వారాలకు అవ్వ ఆ మిషన్ను జేబురుమాల్లో చుట్టి గూట్లో పెట్టేసింది. స్పీకర్‌ను పిల్లలకిచ్చేసింది. అడగడం మానేసింది. ఏప్రిల్ చివర్లో నేనే అడిగితే అంది. ‘‘వదిలెయ్ పాపా. బతికినన్నాళ్లూ అలిగితే మాట్లాడేటోడు కాదు. సచ్చినంక కూడా అంతేనేమో.’’

నవ్వుతూనే అంది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మే నెలలో రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను. పండగ గోల లేదు. మధ్యాహ్నం వసారాలో అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ గుండ్రటి స్పీకర్‌ను మా ఇద్దరి మధ్యా పెట్టి మొదటిసారి విన్నాను. యాంకరమ్మాయి గలగలా మాట్లాడింది. సంగీతం వచ్చింది. తాత తెర మీదికొచ్చాడు. పెదాలు కదిలాయి. స్పీకర్లోంచి సన్నగా... స్‌స్‌స్ మంటూ ఓ చప్పుడు. అడుగున ఎక్కడో గొణుగుడు లాంటిది. అంతే!

‘‘వాన పడతాండట్ల ఉంది గదా?’’ అంది అవ్వ. ‘‘ఆ ఏడు మనకు వాన యాడిది?’’

నాకు చెమటలు పట్టాయి. ఎండకు కాదు.

తిరిగొచ్చాక మా ఆఫీసు పక్క సందులో ఉన్న డబ్బింగ్ స్టూడియోకు పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లాను. అక్కడి సౌండ్ ఇంజినీరు ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాయన. తాత మాట మొదలవగానే, కథంతా నేను చెప్పడం పూర్తికాకముందే, తన ముందున్న ‘మోనో’ మీట నొక్కాడు. గొంతు మాయం. మళ్లీ నొక్కాడు. గొంతు ప్రత్యక్షం. తెర మీద ఓ చిన్న ముల్లు చూపించాడు. ఎడమ, కుడి చానళ్లు రెండూ ఒకే తీరుగా నడుస్తుంటే అది ప్లస్ ఒకటి వైపు ఉంటుంది. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు తిరిగితే మైనస్ ఒకటి. తాత మాట్లాడినంతసేపూ ముల్లు మైనస్ ఒకటిని అంటిపెట్టుకునే ఉంది.

శబ్దమంటే గాలి ఒత్తిడి పెరగడం, తగ్గడం. తాత మాట టేపు మీద రెండు ట్రాకుల్లోనూ ఒకేలా ఉంది. కానీ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఒక ట్రాకు తిరగబడింది. ఎడమవైపు పైకి లేచిన క్షణంలో కుడివైపు కిందికి పోతుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఏ చెవికి ఆ చెవి విడిగా వింటుంది కాబట్టి ఇబ్బంది లేదు, కాస్త డొల్లగా ఉంటుందంతే. ల్యాప్‌టాప్‌కు రెండు స్పీకర్లు. మావాడి ఫోనుకు రెండు. టీవీకి రెండు. అవ్వ స్పీకర్లో మాత్రం ఒక్కటే గుండ్రటి బిళ్ల. అది రెండు చానళ్లనూ కలిపి మోగిస్తుంది. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి కలిపితే ఏమొస్తుంది? సున్నా. యాంకరమ్మాయి మాటలు కొత్తగా రికార్డు చేసినవి కాబట్టి భద్రంగా ఉన్నాయి. టేపు రొద మాత్రం ఏ ట్రాకుది దానిదే, ఒకేలా ఉండదు, అందుకే కొట్టుకుపోదు. అవ్వకు వానలా వినిపించింది అదే! పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి కరవోకే ట్రాకులు చేసే పాత చిట్కా కూడా ఇదేనట. మేం డబ్బు ఖర్చు లేకుండా తాతను కరవోకే చేసేశామన్నమాట.

‘‘ఎక్కడ తిరగబడి ఉంటుంది సార్?’’ అనడిగితే ఆయన బల్ల కింద నుంచి ఓ కేబుల్ తీసి చూపించాడు. చివర మూడు పిన్నులు. ఒకటో పిన్ను నేల తీగ. రెండు, మూడు శబ్దాన్ని మోసేవి. రిపేరు చేసేటప్పుడు ఒక కొసన రెండో తీగను మూడో పిన్నుకు, మూడో తీగను రెండో పిన్నుకు అతికిస్తే చాలు. ‘‘పది రూపాయల సోల్డరింగ్ అమ్మా. మా రోజుల్లో టేపు బయటికి వెళ్లేముందు ఒకసారి మోనో నొక్కి వినేవాళ్లం. ఇప్పుడు అందరివీ హెడ్‌ఫోన్సే.’’

ఇంకో సంగతీ చెప్పాడు. మావాడి మొదటి ఫైల్లో తాత గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉండటానికీ మూలం ఇదే కావచ్చట. 48 కేబీపీఎస్ లాంటి చిన్న సైజుల్లో చాలాసార్లు రెండు చానళ్లనూ ముందే ఒకటిగా కలిపేసి, ఏది ఎటువైపు వినబడాలో గుర్తులు మాత్రం పక్కన రాసి పంపుతారు. ఎదురుబొదురు శబ్దాలు ఆ కలపడంలోనే సగం చచ్చిపోతాయి. అంటే తప్పులు రెండు. మావాడి తప్పు సరిదిద్దగానే మాకు గొంతు బాగా వినిపించింది. దాంతో రెండో తప్పు ఉందేమోనన్న అనుమానమే మాకు రాలేదు.

మందు మాత్రం చిటికెలో అయిపోయింది. మావాడు స్క్రిప్టు చివర ఒక్క ముక్క చేర్చాడు. తాత ఉన్న భాగంలో ఎడమ చానల్ మాత్రం తీసుకో, కుడిది వదిలెయ్, ఉన్నదాన్నే రెండువైపులా పెట్టు... అని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు చెప్పడమే. నాలుగు నెలల బాధకు నాలుగు సెకన్ల వైద్యం. చానల్ మిత్రుడికీ ఫోన్ చేశాను. ఆ కేబుల్‌తో ఎక్కించిన టేపులు ఇంకెన్ని ఉన్నాయో చూడమన్నాను. ‘‘ఒక పెట్టె మొత్తం అదే గదిలో ఎక్కించారు’’ అన్నాడు, కాసేపాగి. ఆ పెట్టెలో ఎందరి తాతలు పెదాలు కదుపుతూ ఉండిపోయారో! ఇప్పుడు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నారట.

జూన్ మొదటి ఆదివారం మావాడూ నేనూ కలిసి వెళ్లాం. అవ్వ మొదట ఒప్పుకోలేదు. ‘‘మళ్లీనా!’’ అంది. మావాడు బతిమాలి, గూట్లోంచి చెవి మిషన్ తీసి పెట్టించాడు. ‘‘తప్పు నీ చెవులది కాదు పెద్దవ్వా. రెండు తీగలు తారుమారయ్యాయి. ఒకటి ఇటు లాగుతుంటే ఇంకోటి అటు లాగుతోంది’’ అని చేతులతో చూపించాడు.

‘‘ఓస్! కవ్వం తాడు రెండు కొసలూ ఒకేపారి లాగితే కవ్వం యట్ల తిరుగుతాదిరా?’’ అంది అవ్వ. ఇంజినీరు అరగంట చెప్పింది ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు.

స్పీకర్ పెట్టాం. యాంకరమ్మాయి వచ్చింది, వెళ్లింది. తాత గొంతు వసారా అంతా నిండింది. అవ్వ కదల్లేదు. వాన లేదన్నాడు, అప్పు లెక్క చెప్పాడు, విత్తనాల ధర చెప్పాడు. ఆ లెక్క దగ్గర అవ్వ తల అడ్డంగా ఊపింది... ఏదో తప్పు చెప్పాడన్నట్టు. ఆఖరి ప్రశ్న వచ్చింది. జవాబూ వచ్చింది.

‘‘...ఆమె మాట ఇనింటే బాగుండు.’’

కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

‘‘సూడు పాపా... పక్కనుండే నాకు ఒక్క మాట సెప్పల్యా. ఊరూరికీ టీవీలో సెప్పుకున్యాడు!’’

కోపమో, మరోటో నాకు తెలియలేదు. మావాడి వైపు తిరిగి, ‘‘ఒరే అబ్బోడా, ఆ పిల్లను తీసెయ్యి. పాట కూడా వద్దు. ఆయన మాటొకటే ఉండనీ’’ అంది. వాడు అక్కడే మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి కత్తిరించాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు. సంతకు పోయిన ఎద్దుల ధర దగ్గర ఇంకోసారి ఆపించి, ‘‘అది తప్పు, ఇంకా నాన్నూరు ఎక్కువే వచ్చింది’’ అంది అవ్వ.